ఫుట్‌వాల్వ్ పోతే పైపుకి నూనె రాస్తారా?

"రోజూ రాయండి, ఉబ్బిన నరాలు మాయం." కాళ్ల మీద ఉబ్బిన నరాలకి అమ్మే మూలికల పూతల గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అసలవి నరాలు కావు, సిరలు, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి చేర్చే గొట్టాలు. సరే, వాడుకలో అందరం నరాలే అంటాం, పోనివ్వండి. ఆ 'మాయం' ఉంది చూశారూ, దాన్ని మాత్రం వదల్లేను.

బావి మోటారుకి కింద ఫుట్‌వాల్వ్ ఉంటుంది కదా? మోటారు ఆగినా నీళ్లు వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది. కాలి సిరల్లోనూ మధ్యమధ్యలో అలాంటి రెక్కలే ఉంటాయి. మోటారేమో మన పిక్క కండరం. నడుస్తుంటే అది పిండుతుంది, రక్తం పైకెక్కుతుంది. రెక్కలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలుస్తుంది, పైపు సాగి మెలికలు తిరుగుతుంది. ఫుట్‌వాల్వ్ పోయిన పైపుకి పైన నూనె రాస్తే నీళ్లెక్కుతాయా?

మరి మూలికల పూత ఎందుకూ అంటే, పైపు చెమ్మకి చుట్టూ నేల చిత్తడవుతుంది కదా, దానికోసం. వాపు, బరువు, దురద, చర్మం పొడిబారడం. ఆయింట్‌మెంట్ తయారుచేసేవాళ్లు ఈ హద్దు ముందే గీసుకోవాలి. లేబుల్ మీదా అంతే రాయాలి.

ఇక మూలిక. ఎక్కువమంది చూపు హార్స్ చెస్ట్‌నట్ గింజ మీదే. ఇదో విదేశీ చెట్టు, మన కుంకుడు కుటుంబంలోదే, అందుకే సారాన్ని సీసాలో పోసి ఊపితే నురగే నురగ. అందులో అసలు సరుకు ఎసిన్. రోజుకి 100 మిల్లీగ్రాముల ఎసిన్ అందేలా ఆ సారాన్ని మింగినవాళ్లలో కాళ్ల నొప్పి, వాపు కొంత తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. విన్నారుగా, మింగినవాళ్లలో! ఆ ఫలితాన్ని తెచ్చి పూత డబ్బా మీద అంటించడమే నాకు నచ్చని పని. చర్మం దాటాలంటే అణుభారం సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకి కొలమానం) లోపు ఉంటే మంచిది. ఎసిన్‌ది 1,100 పైమాటే. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్‌దీ 959. ద్వారబంధంలో పట్టని మంచాలివి. అందుకే లోపలికి చేర్చడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రావకాలు కలుపుతారు. ఎంత దాటిందో ఫ్రాంజ్ సెల్ అనే పరికరంలో, రెండు గదుల మధ్య చర్మం ముక్క బిగించి కొలుస్తారు. కొలవకుండా "లోతుగా ఇంకుతుంది" అనకూడదు.

జిడ్డు ఆయింట్‌మెంటా, జెల్లా? నా ఓటు జెల్‌కే, రాస్తే చల్లగా ఉంటుంది. ఓసారి కార్బోమర్ (నీటిని చిక్కబరిచే పొడి) జెల్ గరిట నిలబడేంత గట్టిగా వచ్చిందని మురిసిపోయా. మూలిక సారం పోసి కలిపానో లేదో, గంజిలా జారిపోయింది. సారంలోని లవణాలు దాన్ని కూలదోశాయి. మెంథాల్ వేస్తే ఇంకా హాయి, కానీ అది చర్మాన్ని నమ్మించడమే, సిరకి ఒరిగేదేం లేదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్ తప్పనిసరి. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో 6 నెలలు పెట్టి రంగు, చిక్కదనం, ఎసిన్ శాతం చూడాలి. తర్వాత ప్యాచ్ టెస్ట్, అంటే కాస్త చర్మం మీద రాసి పడుతుందో లేదో చూడడం. పుండు మీద రాయొద్దు. పచ్చి హార్స్ చెస్ట్‌నట్ గింజ విషం, ఇంట్లో దంచే ప్రయోగాలొద్దు. బిగుతు మేజోళ్లు పైపుని బయటి నుంచి నొక్కుతాయి, అవి వేరే వీడియోలో.

ఒక్కటి మాత్రం ఇప్పుడే. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే ఏ పూతా పెట్టి రుద్దకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. డబ్బా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.