గోడ అవతల ఏముందో మ్యుయాన్లనే అడుగుదాం

మీ బొటనవేలి గోరు ఒకసారి చూడండి. సుమారు చదరపు సెంటీమీటరు ఉంటుంది కదా? దాంట్లోంచి నిమిషానికి ఒకటి చొప్పున మ్యుయాన్లనే అతి చిన్న కణాలు దూసుకుపోతున్నాయి. నొప్పి లేదు, చప్పుడు లేదు. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నా అంతే, మీ ఇంటి కప్పు వాటికో లెక్క కాదు.

అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు పైన గాలిని గుద్దుకుంటే పయాన్లనే కణాలు పుడతాయి. అవి విరిగి మ్యుయాన్లవుతాయి. మ్యుయాన్ అంటే ఎలక్ట్రాన్‌కి అన్నయ్య అనుకోండి, కాకపోతే 207 రెట్లు బరువు. ఆ బరువు వల్లే దారిలో శక్తిని తొందరగా పోగొట్టుకోదు. ఆసుపత్రి ఎక్స్‌రే మందపాటి రాతిగోడ దగ్గరే చతికిలబడుతుంది. శక్తి ఎక్కువున్న మ్యుయాన్ వందల మీటర్ల బండనైనా దాటేస్తుంది.

లోపల ఏముందో చూడటానికి దీన్ని వాడుకునే తీరు రెండు రకాలు. మొదటిది ఉత్త లెక్కింపే. కింద మ్యుయాన్లను పసిగట్టే పరికరం (డిటెక్టర్) పెట్టి ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో చూస్తారు. అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఆ దిక్కున రాయి తక్కువ, అంటే ఖాళీ ఉన్నట్టు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త లూయీ ఆల్వరెజ్ 1960ల చివర్లో ఈజిప్టులోని ఖఫ్రే పిరమిడ్‌లో ఇదే చేశారు. వెతికిన మేర రహస్య గది కనబడలేదు. 'ఏమీ దొరకలేదట' అని కొట్టిపారేస్తారు గానీ, అక్కడ గది లేదని రాయి కదపకుండా తేల్చడం చిన్న విషయమా?

ఖుఫు పిరమిడ్‌లో మాత్రం 2017లో కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది. ఉత్తరం వైపు ఇంకో 9 మీటర్ల నడవా ఉందని కూడా లెక్కలు చెప్పాయి. రాళ్ళ సందులోంచి సన్నటి కెమెరా దూర్చారు. నడవా అక్కడే ఉంది! 2023లో ఆ దృశ్యాలు చూసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

రెండోది, మ్యుయాన్ ఎంత వంగిందో చూడటం. 2003లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు చూపించిన దారి ఇది. వస్తువుకి పైన, కింద డిటెక్టర్లు పెడతారు. ఒక మోస్తరు శక్తి ఉన్న మ్యుయాన్ 10 సెంటీమీటర్ల సీసం దాటితే సుమారు ఒక డిగ్రీ పక్కకి తిరుగుతుంది. ఇనుములో అందులో సగం, నీళ్ళలో తొమ్మిదో వంతు. యురేనియంలో సీసం కంటే ఎక్కువే. అందుకే కంటెయినర్‌లో ఎవరైనా యురేనియం దాచి, దాని రేడియేషన్ బయటికి తెలియకుండా చుట్టూ సీసం కప్పితే ఇంకా సులువుగా దొరికిపోతారు.

చిక్కల్లా ఓపికతోనే. ఎక్స్‌రే మిషన్‌లా దీన్ని పెంచడానికి స్విచ్ లేదు, ఆకాశం ఎన్ని ఇస్తే అన్నే. పిరమిడ్ లాంటి వాటికి నెలలు పడుతుంది.

ఇంకో చిక్కు జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో తెలిసొచ్చింది. 2015లో ఒకటో రియాక్టర్ బయట నేల మీద డిటెక్టర్లు పెట్టి చూస్తే, ఇంధనం ఉండాల్సిన చోట పెద్ద ముద్దలేవీ కనబడలేదు. కరిగి జారిపోయిందన్నమాట. మరి కింద ఎక్కడ పడింది? మ్యుయాన్లు వచ్చేది పైనుంచి, డిటెక్టర్ ఉన్నది నేల మీద. దానికంటే కిందున్నది ఏదీ ఆ బొమ్మలోకి రాలేదు.