మైపాడు దాకా సైకిలు మీద

శ్రోతలందరికీ నమస్కారం.

కిందటేడు సంక్రాంతి వెళ్లిన వారానికి మా పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పోయాను. "పెద్దమ్మా, మార్చిలో మేం పదిమందిమి నెల్లూరు నుంచి మైపాడు పోయి, వెనక్కి సైకిళ్ల మీదే వస్తాం. మీరు కిలోమీటరుకు ఇంత అని ఇస్తే, దూరం నుంచి నడిచి బడికి వచ్చే పిల్లలకు సైకిళ్లు కొంటాం" అని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకూ యాభై దగ్గరపడతన్నాయి గదమ్మా, మోకాళ్లు ఏం గావాల?" అంది. మళ్లీ తనే, "సరేలే, కిలోమీటరుకు రెండు రూపాయలు రాసుకో" అంది.

సముద్రం ఒడ్డున ఉన్న మైపాడుకు పోనూ రానూ దాదాపు 50 కిలోమీటర్లు. పదో తరగతి తర్వాత నేను సైకిలు ముట్టుకున్నది లేదు. చిన్నప్పుడు గంటకు అర్ధరూపాయి అద్దె ఇచ్చి, సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన సైకిలే నాకు తెలుసు.

పెద్దమ్మ అడిగిన మోకాళ్ల సంగతి మొదటి వారంలోనే తేలిపోయింది. జొన్నవాడ కామాక్షమ్మ గుడిదాకా పోయి వచ్చేసరికి రెండు మోకాళ్లూ ముందువైపు సలపడం మొదలుపెట్టాయి. వయసేనేమో అనుకున్నాను. మా వీధి చివర సైకిల్ షాపాయన చూసీ చూడగానే చెప్పాడు: "సీటు తక్కువ ఎత్తులో ఉందమ్మా." కాళ్లు రెండూ నేలకు ఆనాలన్న భయంతో మనలో చాలామంది సీటు దించేసుకుంటాం. అప్పుడు మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, భారమంతా దానిమీదే పడుతుంది. ఆయన నన్ను గోడ పట్టుకుని సీటుమీద కూర్చోమన్నాడు. పెడల్‌ను అట్టడుగుకు దించి, దానిమీద మడమ పెట్టమన్నాడు. అప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మడమతో కాదు, పాదం ముందుభాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అంతే కొలత. నాకు రెండంగుళాల పైనే లేపాల్సి వచ్చింది. ఆగినప్పుడు సీటు దిగి నిలబడటం అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది, నొప్పి మాత్రం వారంలో పోయింది. ఇది వింటున్నవాళ్లలో ఎవరైనా మోకాళ్ల నొప్పని సైకిలు మూలన పెట్టేసి ఉంటే, దయచేసి ఒకసారి సీటు కొలిచి చూడండి.

రెండో భయం వేగం. కుర్రవాళ్లు రయ్యిమని పోతుంటే మనం వెనకపడతామేమోనని టెన్షన్. దూరాలు తొక్కేవాళ్ల లెక్క ఒకటి చెబుతాను. 1904లో పుట్టిన ఫ్రాన్సు వాళ్ల క్లబ్బు ఒకటుంది, ఆడాక్స్ క్లబ్ పారిసియన్. వాళ్ల నియమాలతోనే మన దేశంలోనూ దూరపు సైకిలు ప్రయాణాలు జరుగుతున్నాయి. అందులో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు, టీ తాగడానికి ఆగిన సమయం కూడా కలుపుకుని. అంటే గంటకు 15 కిలోమీటర్లు కూడా నిండదు. గేరు ఉన్న సైకిలైతే తేలిక గేరులో పెట్టి కాళ్లు చకచకా తిప్పడం మేలు. బరువు గేరులో మూలుగుతూ తొక్కితే తొడలు ముందే అలిసిపోతాయి.

వారానికి మూడు రోజులు గంట చొప్పున, ఆదివారం మాత్రం పొడుగు ప్రయాణం. ఆ పొడుగును ప్రతివారం రెండు మూడు కిలోమీటర్లకు మించి పెంచలేదు.

మన నెల్లూరు సీమలో ఎత్తులూ పల్లాలూ పెద్దగా లేవు కాబట్టి సైకిలుకు సుఖమని అంటారు. నేనైతే మన కొండలన్నీ గాలిలోనే ఉన్నాయంటాను. ఎదురుగాలిలో ఒక మైలు, ఘాటు రోడ్డులో ఒక మైలుతో సమానం. మార్చిలో అయితే కాస్త కలిసొస్తుంది: తెల్లవారుజామున నేల మీది గాలి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, పొద్దెక్కాక సముద్రపు గాలి ఊరివైపు తిరుగుతుంది. వేళ చూసుకుని బయల్దేరితే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనకనుంచే సాయం. అదే మే నెలలో పడమటి గాలి లేచిందంటే మైపాడు నుంచి వెనక్కి రావడం నిప్పుల ఎదురీత. అందుకే నడి ఎండాకాలంలో ఇలాంటి యాత్ర పెట్టవద్దని నిర్వాహకులందరికీ నా విన్నపం. గాలి ఎదురైనప్పుడు ఒకరి వెనక ఒకరు వరసగా పోయి, ముందున్నవాళ్లు మారుతూ ఉంటే వెనకున్నవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది.

ఇక మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఇందుకూరుపేట దాటాక ఒక ఆదివారం నా వెనక టైరు దిగిపోయింది. ట్యూబు తీసి, అతుకు వేసి, గాలి కొట్టి ఎక్కాను. అర కిలోమీటరు పోకముందే మళ్లీ దిగిపోయింది. రొయ్యల గుంట దగ్గర కాపలా ఉన్న తాత వచ్చి, "టైరు లోపల వేలు తిప్పి చూసినావా తల్లీ?" అన్నాడు. చూడలేదు. తనే టైరు లోపలి అంచు వెంబడి బొటనవేలు మెల్లగా జరుపుతూ పోయి, ఒకచోట ఆపాడు. బియ్యపు నూకంత ముల్లు మొన, బయటికి కనిపించకుండా రబ్బరులో విరిగి ఉంది. గోటితో పీకి నా అరచేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ట్యూబుకు అతుకు వెయ్యకముందే టైరు తడిమి చూసుకుంటున్నాను.

కోతల కాలంలో రోడ్డుమీద ఆరబోసిన వడ్ల మీదికి మాత్రం సైకిలు పోనివ్వకండి. గింజలు చక్రం కింద గులకరాళ్లలా జారుతాయి, పైగా అది రైతు ఆరునెలల కష్టం.

తిండి విషయం: ఆకలి వేశాక తినడం ఆలస్యం, దాహం వేశాక తాగడం ఆలస్యం. ముప్పావుగంటకోసారి అరటిపండో, చెనక్కాయల చిక్కీయో, గంటకు కనీసం అరలీటరు నీళ్లు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అన్నిటికంటే నాకు బాగా పడింది.

మార్చి ఆఖరి ఆదివారం అయిదింటికి బయల్దేరాం. సముద్రం దగ్గర అరగంట కూర్చుని, సైకిళ్లకు అంటిన ఉప్పుగాలి తేమ గుడ్డతో తుడుచుకుని తిరిగాం. చివరి నాలుగు కిలోమీటర్లు నిజంగా కష్టమయ్యాయి. ఆ నాలుగూ తొక్కకపోతే పెద్దమ్మ లెక్కలో ఎనిమిది రూపాయలు తగ్గుతాయన్న ఆలోచన నన్ను సీటు దిగనివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె అరుగుమీద కూర్చుని ఉంది. "యాభై అయినాయా?" అని అడిగింది. అయినాయన్నాను. కొంగు ముడి విప్పి, పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి, పది నా చేతిలో పెట్టింది. నా ముఖం చూసి, "మళ్లీ ఎప్పుడు పోతారు?" అంది.