స్మోకీ కొండల్లో ఆ ఖాళీ ఇళ్లు ఎవరివి?

అందరికీ నమస్కారం. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది, మీ చూపులూ అటే ఉన్నాయి కాబట్టి కమిటీవారికి, వంటవారికి కలిపి ఒకే దండం పెట్టేసి విషయంలోకి వస్తాను. అక్టోబరు ట్రిప్పులో ఎక్కడ ఆగాలో, ఏ ట్రెయిల్ ఎక్కాలో పది నిమిషాల్లో చెప్పమన్నారు.

అట్లాంటాలో ఉంటూ, టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు. అందులో కేడ్స్ కోవ్ అనే లోయలో, ఒకప్పుడు అక్కడ కాపురమున్న జాన్ ఆలివర్ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లినవాళ్లు? నాలుగు చేతులు. అదీ సంగతి.

ముందు రోడ్ల గురించి చెప్పేస్తాను. చెరోకీ ఊరి నుంచి గాట్లిన్‌బర్గ్ వెళ్లే దారి న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర 5,046 అడుగుల ఎత్తులో కొండ దాటుతుంది. అక్కడి నుంచి పక్కకు తిరిగితే కువోహి శిఖరం, అదే మనం క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్లం, 2024లో దానికి అక్కడి ఆదివాసులైన చెరోకీల పేరు మళ్లీ పెట్టారు. 6,643 అడుగులు. చివర నడిచేది అరమైలే గానీ బాగా ఆయాసం వస్తుంది, స్వెటర్లు మర్చిపోకండి. పార్కుకు టికెట్ లేదు, కానీ కారు పావుగంట మించి ఆపితే రోజుకు 5 డాలర్ల ట్యాగ్ ఉండాలి. రోరింగ్ ఫోర్క్ దారిలోకి బస్సులను రానివ్వరు. ఎలుగుబంటి కనిపిస్తే 50 గజాల దూరంలో ఉండండి, సెల్ఫీ కోసం దగ్గరికి పోకండి.

ఇక కేడ్స్ కోవ్. 11 మైళ్ల వన్‌వే. మనవాళ్లు కార్లోంచే ఫోటోలు తీసి, జింక కనిపిస్తే అరిచి, ఆ ఇళ్లను మాత్రం సినిమా సెట్టింగుల్లా చూసి పోతారు. కాస్త దిగండి. దుంగల మూలలు ఒకదాంట్లో ఒకటి గాడికి గాడి ఎలా కూర్చున్నాయో వేలు పెట్టి చూడండి. కానీ గోడల మీద పేర్లు చెక్కకండి, ఒకచోట తెలుగక్షరాలు చూసి నాకు తల కొట్టేసినంత పనైంది.

ఆలివర్ దంపతులు 1818లో వచ్చారు. వందేళ్లు దాటాక పార్కు పెడతాం, భూములివ్వమన్నారు. వాళ్ల మునిమనవడు, ఆయన పేరూ జాన్ ఆలివరే, టెన్నెసీ సుప్రీంకోర్టు దాకా పోరాడి, ఓడి, 1937లో కోవ్ వదిలి వెళ్లాడు. తర్వాత పార్కువాళ్లేం చేశారంటే, చెక్క పలకలతో కట్టుకున్న కొత్త ఇళ్లు చాలావరకు పడగొట్టి, దుంగల ఇళ్లు ఉంచారు. అంటే మనం చూసేది ఆ ఊరు కాదు, మనకు చూపించాలనుకున్న ఊరు.

ఆ పార్కులోనే లిటిల్ గ్రీన్‌బ్రయర్ అనేచోట వాకర్ అక్కచెల్లెళ్లు ఐదుగురు కదలమని కూర్చుంటే, బతికున్నంతకాలం ఉండొచ్చని ఒప్పుకున్నారు. అయితే వేట, చేపలు, కట్టెలు కొట్టడం అన్నీ బంద్. చివరి ఆవిడ 1964లో పోయింది.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి తేలుతుంది, జనం వెళ్లి దండం పెట్టుకుంటారు. అమ్మమ్మ ఇల్లు తేలదు. ఆవిడ చివరిదాకా "మా దొడ్లో" అనేది, ఆ దొడ్డి మీద అప్పటికి ఎన్ని అడుగుల నీళ్లున్నాయో.

టైమైందని చెయ్యి ఊపుతున్నారు, చూశాను. ఇంకొక్కటి.

బ్రైసన్ సిటీ దగ్గర ఒక రోడ్డుంది, దాన్ని అక్కడివాళ్లు 'రోడ్ టు నోవేర్', అంటే ఎక్కడికీ పోని రోడ్డు, అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో అల్యూమినియం తయారీకి కరెంటు కావాలని ఫోంటానా డ్యామ్ కట్టారు, అప్పటిదాకా ఉన్న రోడ్డు మునిగింది. శ్మశానాలు మునగలేదు, నీళ్లకు అవతల మిగిలిపోయాయి. కొత్త రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం రాశారు. కొన్ని మైళ్లు, ఒక టన్నెల్ తవ్వాక కొండ రాయిలోంచి ఆమ్లం ఊరుతోందని ఆపేశారు. 2010లో రోడ్డుకు బదులు కౌంటీకి 52 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. రోడ్డు రాలేదు. ఇప్పటికీ వేసవిలో ఆ శ్మశానాల్లో తమవాళ్లున్న కుటుంబాలవాళ్లు పార్కువాళ్ల పడవల్లో అవతలికి వెళ్లి, సమాధులు బాగుచేసి, పూలు పెట్టి, అక్కడే భోంచేసి వస్తారు.

మన ప్లానులో రెండో రోజు ఔట్‌లెట్ మాల్‌కు ఆరు గంటలిచ్చారు. కమిటీవారూ, మూడు తగ్గించండి, ఆ టన్నెల్ దాకా వెళ్దాం. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి. టార్చి తెచ్చుకోండి, లోపల లైట్లు లేవు.