ఎవరినడిగి ఇచ్చావు సగం ఆయుష్షు?

శ్రోతలకు నమస్కారం.

మొన్న శ్రావణమాసంలో మా మేనకోడల్ని తీసుకుని కోటిపల్లి రేవుకి వెళ్ళాను. అవతలి గట్టున ముక్తేశ్వరంలో పెళ్ళి. వరద తీసి, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు మళ్ళీ నడుస్తున్న రోజులు. గౌతమిలో ఇంకా ఎర్రనీళ్ళే. పంటు మీద నాలుగు మోటారుసైకిళ్ళు, రెండు అరటి గెలలు, చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ. మా పిల్ల ఇంటర్ రెండో ఏడు. గోదారి వంక చూస్తే ఒట్టు, ఫోన్లోంచి తలెత్తలేదు.

“ఏం చదువుతున్నావే అంతలా?”

“కథ మావయ్యా. అబ్బాయి యాక్సిడెంట్లో పోయాడు. కానీ ఆ అమ్మాయొక్కదానికే కనిపిస్తాడు.”

“మరి పెళ్ళెలా?”

“అదే కదా టెన్షన్!”

ఇలాంటివాటిని యంగ్ అడల్ట్ పారానార్మల్ రొమాన్స్ అంటారట. 16, 18 ఏళ్ళ వాళ్ళ ప్రేమ. ఇద్దరిలో ఒకరు దయ్యమో, గంధర్వుడో, పోయిన జన్మ గుర్తున్న మనిషో అయి ఉంటారు. విధి వద్దంటుంది, వీళ్ళు కుదరదంటారు, చివరికి ఎలాగో ఇంకో అవకాశం దొరుకుతుంది. వినగానే నాకు నవ్వొచ్చిన మాట నిజం. 30 ఏళ్ళు తెలుగు మేస్టారుగా చేసినవాణ్ణి, పిల్లలు చదివేవాటిని చూసి నవ్వడం అలవాటైపోయింది.

మా చిన్నప్పుడూ దయ్యాలకేం తక్కువ లేదండీ. లాకుల దగ్గర కామినీ దయ్యం, రాత్రిపూట చేల మీద వెలిగి ఆరే కొరివి దయ్యాలు. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దనేది మా అమ్మమ్మ. ఆ కథల్లో భయమే తప్ప ప్రేమ లేదు. పొద్దు పోయాక పిల్లలు కాలువ గట్టుకి పోకుండా ఉండటానికి అల్లినవి, ఆ పని బాగానే చేశాయి. ప్రేమా, పునర్జన్మా కలిసి కావాలంటే 1964లో వచ్చిన మూగ మనసులు ఉండనే ఉంది. ఈ గోదారి మీదే, పడవలో వెళ్తున్న కొత్త జంటకి పోయిన జన్మ గుర్తొస్తుంది. మా అమ్మ ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

“ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టు, అంతకంటే పాతది ఒకటి చెప్తాను” అన్నాను.

1022 నుంచి 1061 దాకా ఏలిన రాజరాజనరేంద్రుడి కొలువులో, మన రాజమహేంద్రవరంలో, నన్నయ గారు భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆదిపర్వంలో, కౌరవులూ పాండవులూ ఇంకా కథలోకి దిగకముందే, ఒక అమ్మాయీ అబ్బాయీ వస్తారు. ప్రమద్వర మేనక కూతురు. పుట్టగానే తల్లి వదిలేసి పోతే స్థూలకేశుడనే ముని పెంచాడు. రురుడు ఆ పిల్లని చూసి మనసు పడ్డాడు. పెద్దలు ఒప్పుకున్నారు, ముహూర్తం పెట్టారు. ఇంకాస్తలో పెళ్ళనగా, స్నేహితురాళ్ళతో ఆడుకుంటూ చూసుకోకుండా పాముని తొక్కింది. అంతే.

గోదారి లంకల్లో బతికేవాళ్ళకి ఇది పురాణంలా అనిపించదు. వరదకి పుట్టలు మునిగితే పాములు గట్టెక్కుతాయి. పేర్చిన కొబ్బరి మట్టల్లో ఉంటాయి, గుమ్మంలో విప్పిన చెప్పుల దగ్గర ఉంటాయి. ఆ నెలంతా బ్యాటరీ లైటు లేకుండా మా ఇంట్లో ఎవరూ పెరట్లోకి వెళ్ళరు. పాము కరిస్తే ఇప్పుడు నేరుగా ఆసుపత్రికి పరుగెత్తి విరుగుడు ఇంజక్షన్ వేయిస్తున్నాం. ఆ మందు ఎలా వస్తుందో తెలుసా? గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని నెత్తుట్లోంచి తీస్తారు. అక్కడా ఇంకో ప్రాణి తనలోంచి కొంత ఇవ్వాల్సిందే.

రురుడికి ఆ మందు లేదు. అడవిలోకి పోయి ఒంటరిగా ఏడ్చాడు. నేను చేసిన తపస్సు నిజమైతే ఈ పిల్ల బతకాలన్నాడు. దేవదూత వచ్చి, ఆయుష్షు తీరినవాళ్ళు మాటలకి లేవరు, నీ ఆయుష్షులో సగం ఇస్తావా అని అడిగాడు. ఇచ్చానన్నాడు రురుడు. బేరం లేదు. సగమంటే ఎన్నేళ్ళని కూడా అడగలేదు. ప్రమద్వర నిద్ర లేచినట్టు లేచింది.

తరవాత రురుడు పాముల మీద పగబట్టి, కనిపించిన పామునల్లా కర్రతో కొట్టుకుంటూ తిరుగుతాడు. ఒకరోజు విషం లేని పాము, మన పంటకాలువల్లో తిరిగే నీరుకట్టె లాంటిది, నేను నీకేం చేశానని అడుగుతుంది. శాపం తగిలిన ముని అది. ఆ ఘట్టం నాకు మహా ఇష్టం. కానీ మా పిల్ల అక్కడిదాకా రానివ్వలేదు.

“ఆగు మావయ్యా. ఆ అమ్మాయినడిగారా?”

“ఏమని?”

“సగం ఆయుష్షు కావాలా అని. పోనీ లేచాక ఆవిడేమంది?”

నేను తడుముకున్నాను. ఏమీ అనదు. లేచింది, పెళ్ళయింది, కథ పాముల మీదకి మళ్ళిపోయింది. సావిత్రి అలా కాదు, యముడి వెంట నడిచి, మాటకి మాట చెప్పి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. ప్రమద్వరకి ఒక్క మాట లేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పి నేనెప్పుడూ ఆ ఖాళీ చూడలేదు. రురుడి త్యాగాన్ని వివరించుము, 5 మార్కులు, అంతే.

“నేను రాస్తే ఆవిడ లేవడంతో మొదలెడతా” అంది. “లేవగానే తెలిసిపోతుంది, ఒంట్లో ఉన్నది తన ఆయుష్షు కాదని. ఎవరినడిగి ఇచ్చావని మొదటి పోట్లాట. కోపం ఉంటుంది, అయినా వదిలి వెళ్ళలేదు.” కాసేపు ఆగి వేళ్ళ మీద లెక్క వేసింది. “మావయ్యా, వాడికి ఇంకా 60 ఏళ్ళున్నాయనుకో. 30 ఆవిడకి, 30 వాడికి. అంటే ఇద్దరూ ఒకేసారి పోతారు!”

నేనూ లెక్క వేశాను. సరిగ్గానే ఉంది.

“అయితే కోపం కొంచెం తగ్గిస్తాలే” అంది.

ఇంతసేపూ నీళ్ళ వైపే చూస్తున్న చేపలావిడ ఇటు తిరిగింది. “ఎవరమ్మా, సగం ఇస్తావా అని అడిగింది?”

“దేవదూత, మామ్మ గారూ.”

“మా ఆయన పోయినప్పుడు నన్నెవరూ అడగలేదమ్మా.”

పంటు రేవుకి తగిలింది. మోటారుసైకిళ్ళు స్టార్టయ్యాయి. ఆవిడ లేచి తలగుడ్డ చుట్టుకుని, బుట్ట చూపించి, “ఓ చెయ్యెయ్యమ్మా” అంది. మా పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టి, బుట్టకి రెండో పక్క పట్టుకుంది.