ఉగ్గుగిన్నెతో నలభై రోజులు

అందరికీ నమస్కారం. మీలో కొందరికి వచ్చే వారమే ఆపరేషన్ అని ఇందాక డైటీషియన్ మేడమ్ చెప్పారు. కొందరు ఇంటికొచ్చి పది రోజులు కూడా కాలేదు. మీతోపాటు అమ్మలు, భార్యలు, భర్తలు కూడా వచ్చారు. నేను చెప్పబోయేది మీకెంతో వాళ్లకూ అంతే.

నేను డాక్టర్ని కాను. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 118 కిలోల బరువు, ఎనిమిదేళ్ల షుగరు, రాత్రుళ్లు ఊపిరాడక లేచి కూర్చోవడం. వీటన్నిటితో విసిగిపోయి మూడేళ్ల క్రితం బరువు తగ్గించే స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. ఎంత తగ్గావని కనబడిన వాళ్లంతా అడుగుతారు. ఈ పూట ఆ మాట పక్కన పెడదాం. మొదటి నలభై రోజుల గురించే చెబుతాను. ఆ రోజుల్లో నాకు బరువు తప్ప ఇంకో ధ్యాస లేదు. అసలు ధ్యాస పెట్టాల్సింది గుక్కల మీద, అడుగుల మీద అని ఆలస్యంగా అర్థమైంది.

స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైనే తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. దాని పొడవునా స్టేపుల్స్ వేసిన కుట్టు ఉంటుంది. పైకి కనబడేది నాలుగైదు చిన్న గాట్లే. అందుకే చూడటానికి వచ్చినవాళ్లు "ఓస్, ఇంతేనా" అంటారు. లోపలి కుట్టు మానడానికి మాత్రం వారాలు పడుతుంది. మన ఇళ్లలో బాలింతను ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఈ ఆపరేషన్ అయిన మనిషిని ఎలా చూసుకోవాలో ఇంకా ఏ ఇంటికీ అలవాటు లేదు. పది రోజులకే లేచి వంట చేస్తుందిలే అనుకుంటారు.

ఆపరేషన్ రోజు రాత్రి నాకు పొట్టకంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. గుండెకేమైనా అయిందేమోనని టెన్షన్ పడ్డాను. నర్సుకు చెబితే డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, గుండెకు సంబంధం లేదని చెప్పారు. లాపరోస్కోపీ, అంటే చిన్న గాట్లలోంచి కెమెరాతో చేసే ఆపరేషన్ కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారట. అందులో కొంచెం మిగిలిపోయి ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని చికాకు పెడుతుంది. ఆ కండరానికి వెళ్లే నరం మెడ దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. నర్సు చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడిపించింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి కూడా ఆ నడకే ముఖ్యం. నోటితో పీలిస్తే మూడు బంతులు పైకి లేచే పరికరం ఇస్తారు కదా, దాన్ని ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టేయకండి. ఊపిరితిత్తులు బాగా విచ్చుకోవాలి.

ఇక నీళ్లు. నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఇదే.

ఇంటికొచ్చిన మొదటి ఉదయం అమ్మ పెద్ద స్టీలు గ్లాసు నిండా పప్పుకట్టు తెచ్చింది, మిరియాలు, జీలకర్ర వేసి, వడగట్టి. అలవాటు కొద్దీ పెద్ద గుక్క వేశాను. రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టు పట్టేసింది. నోట్లో నీరూరడం, వంగిపోయి కూర్చోవడం, పావుగంట నరకం. అమ్మ భయపడిపోయింది. ఏమీ మాట్లాడకుండా అటక మీద డబ్బాలు దించి, నా కొడుక్కి పట్టిన వెండి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమింది. ఒక చోట సొట్ట, ముక్కు దగ్గర చిన్న గీత. కొలిస్తే అంచుదాకా 30 ఎం.ఎల్. పట్టింది. ఆస్పత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ కప్పు కొలతే!

లెక్క చూడండి. డాక్టర్లు రోజుకు తక్కువలో తక్కువ లీటరున్నర ద్రవాలు లోపలికి వెళ్లాలంటారు. అంటే 50 ఉగ్గుగిన్నెలు. పావుగంటకొకటి చొప్పున పన్నెండున్నర గంటలు. మెలకువగా ఉన్న సమయమంతా దాదాపు దీనికే సరిపోతుంది. అందుకే ఆ రోజుల్లో నీళ్లు తాగడమే మీ ఉద్యోగం అనుకోండి. మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, చారు తేట, బార్లీ నీళ్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మొదటి రెండు మూడు రోజులు నేను లీటరు కూడా దాటలేదు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూత్రం ముదురు పసుపు రంగులోకి రావడం కనబడితే నీళ్లు చాలట్లేదని అర్థం.

అమ్మ ఇంకో మాట కూడా అంది. "పచ్చి ఒళ్లే తల్లీ, అన్ని నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుంది" అని. బాలింతకు నీళ్లు తగ్గించే రోజుల్లో పెరిగిన మనిషి. కోప్పడి లాభం లేదు. డైటీషియన్‌తో ఫోన్‌లో మాట్లాడించాను. ఆ తర్వాత పావుగంటకొకసారి గిన్నె పట్టుకుని నా వెనకాలే తిరిగింది. పెద్దవాళ్లను డిశ్చార్జ్ రోజునే డైటీషియన్ ముందు కూర్చోబెట్టండి. మీరు చెప్పే పది మాటలకంటే ఆవిడ చెప్పే ఒక్క మాట పనిచేస్తుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం వంటింట్లోంచి ఇంగువ తాలింపు వాసన వచ్చింది. నాకు ఆకలి లేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే. అయినా వెక్కివెక్కి ఏడ్చాను. ఇన్నేళ్లూ సంతోషమొచ్చినా దుఃఖమొచ్చినా నేను వెళ్లిన చోటు ఆ కంచమే. "ఎందుకు చేయించుకున్నానురా దేవుడా" అనుకున్నాను. మీకూ అలా అనిపిస్తే మీరు తప్పు చేశారని కాదు. చాలామందికి అనిపిస్తుంది, చాలామందికి వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, నిద్ర పట్టక, ఏమీ తోచక రోజులు గడుస్తుంటే డాక్టరుకు చెప్పండి. దాచుకోకండి. ఇంట్లోవాళ్లకు ఒక మనవి: "ఒక్క ముద్ద తింటే ఏం కాదు" అనకండి. అది ప్రేమే, నాకు తెలుసు. ఆ ప్రేమను పక్కన కలిసి నడవడంలో చూపించండి.

మూడో వారంలో బరువు ఆగిపోయింది. పదకొండు రోజులు ముల్లు కదల్లేదు. మొదట తగ్గేదాంట్లో కాలేయంలో, కండరాల్లో ఉండే గ్లైకోజన్ (శరీరం దాచుకునే చక్కెర), దానితోపాటు ఉండే నీరు చాలా భాగం. తర్వాత శరీరం కొంత నీటిని మళ్లీ పట్టి ఉంచుతుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా తూకం చూపించదు. మా ఆయన బరువు మిషన్ తీసి, ఉగ్గుగిన్నె దించిన అటక మీదే పెట్టేశారు. ఆయన చేసిన అన్ని సాయాల్లోకీ అదే పెద్దది.

మెత్తటి ఆహారం మొదలయ్యాక ఐదో వారంలో ఫోన్ మాట్లాడుతూ ఇడ్లీ గబగబా తిన్నాను. మూడో ముక్కకే మళ్లీ అదే రాయి, తెల్లటి నురగ వాంతి. చిన్న చెంచా, బాగా నమలడం, భోజనానికి అరగంట ముందు నుంచి, తిన్న అరగంటదాకా నీళ్లు ముట్టకపోవడం. ఇవి పాటించాక మళ్లీ రాలేదు. ముందు ప్రోటీన్, తర్వాతే మిగతావి. రోజుకు కనీసం 60 గ్రాములు. రాగి జావ కడుపు నింపుతుంది కానీ ఆ లెక్క నింపదు. పెరుగు, గుడ్డు తెల్లసొన, పలుచటి పప్పు, డాక్టరు రాసిన పౌడరు కావాలి.

ఇవి మాత్రం ఫ్రిజ్ మీద అంటించుకోండి. కూర్చుని ఉన్నా నాడి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, పెరుగుతున్న పొట్టనొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు, కుట్టు దగ్గర లీకో, రక్తం గడ్డో కావచ్చు. నీళ్లు కూడా నిలవకపోతే అదే రోజు ఫోన్ చేయండి. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ తగ్గి మెదడుకు, నరాలకు దెబ్బ. షుగరు మందులు పాత డోసులోనే వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. డోసు డాక్టరుతో మార్పించుకోండి. ఒంటినొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు కొనొద్దు, కొన్ని కడుపులో పుండ్లు తెస్తాయి.

ఉగ్గుగిన్నె తెచ్చాను, ఇదిగో. చేతుల్లోకి తీసుకుని చూడండి, ఒక్కసారి నీళ్లు పోసి తాగి చూడండి. ముఖ్యంగా వచ్చే వారం ఆపరేషన్ ఉన్నవాళ్ల అమ్మలు చూడాలి. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఏమైనా అడగండి.