సీసా మీద ఎంత రాసి ఉంది?

శ్రోతలకు నమస్కారం. చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి విరమణ పొందిన నన్ను రాత్రి డ్యూటీ గురించి మాట్లాడమన్నారు. ఒక్క ఇన్సులిన్ సీసా సంగతి చెబుతాను, ఉన్న సమయానికి అదే సరిపోతుంది.

నల్లగొండలో ఒక ఆస్పత్రి, ఏప్రిల్ నెల. ఉదయం 6 గంటలకు లేచిన ఒక సిస్టర్, మధ్యాహ్నం నిద్రపోయి రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కాలనుకుంది. పక్క ప్లాటులో బోరు బండి వచ్చి నిలిచింది. నీళ్లు పడేదాకా అది ఆగదన్న సంగతి మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. ఆమె కన్ను మూయనేలేదు.

రాత్రి 11 అయ్యేసరికే 17 గంటల మెలకువ. అంతసేపు మేల్కొన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారి స్థాయికి తగ్గుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన చట్టంలో 30 దాటితే చాలు, బండి నడిపేవారిపై కేసు. నర్సును మాత్రం గొట్టంలో ఊదమని ఎవరూ అడగరు.

తెల్లవారి 6 గంటలకు ఒక పెద్దాయనకు 10 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. ఆమె ఎర్రమూత ఉన్న 40 సిరంజిలో, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందు కోసం గీతలు గీసిన సిరంజిలో, 10 గీత దాకా మందు లాగింది. గీత సరిగ్గానే ఉంది. కానీ ఆయన కొడుకు బయటి నుంచి తెచ్చిన సీసా 40ది కాదు, మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే 100ది. ఆ సీసా మందు అదే గీత దగ్గర 25 యూనిట్లవుతుంది. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు.

ఇన్సులిన్ ఇచ్చేముందు మరొకరికి చూపించడం మా అలవాటు కనుక, ఆమె ట్రే పట్టుకుని పక్క వార్డులో ఉన్న నా దగ్గరకు వచ్చింది.

"సీసా మీద ఎంత రాసి ఉందమ్మా?"

"నలభై, సిస్టర్."

"సీసా మీద ఎంత రాసి ఉంది?"

ఈసారి వేలు పెట్టి చదివింది. నూరు.

మొదటిసారి ఆమె అబద్ధం చెప్పలేదు. నిద్రలేని కంటికి రోజూ చూసే నలభయ్యే కనిపించింది. ఆమెను మందలించాలని కొందరన్నారు, నాకది న్యాయంగా తోచలేదు. రాత్రిపూట అడిగి చూసే రెండో మనిషి ప్రతి వార్డుకూ ఉండాలనే నేను వాదించాను, ఇప్పటికీ వాదిస్తాను.

ఇక నర్సుల ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి ఒక్క మనవి: ఆమె పగటి నిద్రను కాపాడండి. ఆ సిస్టర్ అత్తగారు మరునాడే కిటికీకి దుప్పటి కట్టి, గేటుకు ఒక అట్టముక్క వేలాడదీసింది: "కోడలు నైట్ డ్యూటీ. సాయంత్రం 4 దాకా పిలవొద్దు."