పడకగదిని పడుకొని చూడాలి

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కొత్త ఇంట్లోకి మారిన తర్వాత అక్కడి మాస్టర్ బెడ్‌రూమ్‌ను మనకు తగినట్టు తిరిగి తీర్చిదిద్దుకోవడం ఎలా అన్నది ఈ రోజు మన విషయం. గృహాలంకరణను వృత్తిగా చేసుకున్న డిజైనర్ గారు మనతో ఉన్నారు. నమస్కారమండీ. తాళంచెవి చేతికి రాగానే చాలామంది ముందు రంగుల కార్డు తెరుస్తారు. మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టవద్దంటారు. ఎందుకని?

డిజైనర్: నమస్కారమండీ. గదిని ఎక్కడి నుంచి చూస్తామో తేల్చుకోకుండా రంగు ఎంచుకుంటే, అది ఆ గదిలో ఉండేవారి కోసం కాక, గదిని చూసి వెళ్ళేవారి కోసం ఎంచుకున్న రంగు అవుతుంది. పడకగదిని మనం ఎప్పుడూ గుమ్మంలో నిలబడి ఊహించుకుంటాం, ఎందుకంటే మనం చూసే ఫొటోలన్నీ దాదాపు అక్కడి నుంచి తీసినవే. అందులో నివసించేవారు మాత్రం ఎక్కువసేపు పడుకొని ఉంటారు, లేదా మంచం అంచున కూర్చొని ఉంటారు. అందుకే నన్ను సలహా అడిగినవారికి నేను మొదట చెప్పేది, మంచం ఎక్కడ వేయాలనుకుంటున్నారో అక్కడ ఖాళీ నేల మీద ఒక దుప్పటి పరచుకొని, రాత్రి లైట్లు వెలుగుతున్నప్పుడు ఒకసారి, తెల్లవారుతున్నప్పుడు ఒకసారి పడుకొని చూడమని. కంటికి ఏవి ఆనుతున్నాయో కాగితం మీద రాసుకోవాలి.

వ్యాఖ్యాత: అలా పడుకొని చూసినవారికి సాధారణంగా ఏవి కనిపిస్తాయి?

డిజైనర్: పైకప్పు, కాళ్ళవైపు గోడ, కిటికీ పైభాగం, వార్డ్‌రోబ్ పై అంచు, దాని మీద సర్దిన అట్టపెట్టెలు కనిపిస్తాయి. తలవైపు గోడ కనిపించదు. అయినా ముదురు రంగో, వాల్‌పేపరో, చెక్క పలకలో పెట్టి అందరూ ఎక్కువ ఖర్చు చేసేది ఆ తలవైపు గోడ మీదే. నేను దానికి వ్యతిరేకిని కాను, మంచానికి ఆ గోడ ఒక నిలకడను ఇస్తుంది. కానీ నిద్రకు ముందు చివరగా, మెలకువ రాగానే మొదటగా చూసే గోడ ఎదుటిది. స్విచ్‌బోర్డులు, ఏసీ పైపులు, వేలాడే తీగలు అన్నీ ఆ ఎదుటి గోడకు వదిలేసి, కనబడని గోడను ముస్తాబు చేయడం నాకు బాధ కలిగిస్తుంది. ముందు ఎదుటి గోడను శుభ్రం చేయాలి: తీగలను గోడలోకి పంపించాలి, వాడని పాయింట్లు మూసివేయాలి, ఆ తర్వాతే అక్కడ ఏది ఉండాలో ఆలోచించాలి.

వ్యాఖ్యాత: వెలుతురు గురించి కొంచెం వివరంగా చెప్పండి. ఫాల్స్ సీలింగ్ చేయించి చిన్నచిన్న లైట్లు బిగించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది కదా.

డిజైనర్: ఆ లైట్ల బిందువులు ప్లానులో వరుసగా, అందంగానే ఉంటాయి, కానీ వాటిలో ఒకటో రెండో సరిగ్గా తలగడ మీదికి వస్తాయి. నిలబడినవారికి ఇబ్బంది తెలియదు, పడుకున్నవారికి మాత్రం బల్బు నేరుగా కంట్లో కొడుతుంది. పడకగదిలో నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, పడుకున్న కంటికి వెలుగు కనిపించాలి గానీ, వెలుగు పుట్టే చోటు కనిపించకూడదు. గోడ మీదికో పైకప్పు మీదికో పడి అక్కడి నుంచి తిరిగి వచ్చే కాంతి, ముసుగు ఉన్న దీపం, మంచం వెనుక దాచిన పట్టీ దీపం, ఇవన్నీ ఆ పని చేస్తాయి.

ఇక రంగు ఉష్ణోగ్రత. బల్బు పెట్టె మీద కెల్విన్లలో ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పసుపు ఛాయ గల మెత్తని వెలుగు, 4000 అంటే తటస్థమైన తెలుపు, 6500 అంటే నీలి ఛాయ గల పగటి తెలుపు. పడకగదికి 2700 లేదా 3000 చాలు. ఇది అభిరుచికి మాత్రమే సంబంధించిన మాట కాదు. పగలో రాత్రో శరీరానికి తెలియజేసే ప్రత్యేక కణాలు కంటి రెటీనాలో ఉన్నాయని 2002లో పరిశోధకులు చూపించారు. వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణకం దాదాపు 480 నానోమీటర్ల నీలికాంతికి అన్నింటికంటే ఎక్కువగా స్పందిస్తుంది. రాత్రివేళ నీలిభాగం ఎక్కువగా ఉన్న వెలుగులో కూర్చుంటే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ విడుదల వెనకబడుతుంది. కాబట్టి తెల్లటి వెలుగు అవసరమైతే దాన్ని వార్డ్‌రోబ్ దగ్గర, అద్దం దగ్గర విడిగా పెట్టుకొని, దానికి వేరే స్విచ్ ఇవ్వాలి. అక్కడ మాత్రం రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే సామర్థ్యం, అంటే సీఆర్ఐ, 90కి తగ్గని బల్బు ఎంచుకోండి. లేకపోతే ముదురు నీలం చొక్కాకూ నల్ల చొక్కాకూ తేడా బయటికి వెళ్ళాకే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: మంచం పక్కన పెట్టే దీపం, దాని స్విచ్ విషయంలో చాలామంది ఇబ్బంది పడుతుంటారు.

డిజైనర్: అవునండీ, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజూ తగిలే విషయం. దిండుకు ఆనుకొని కూర్చున్నప్పుడు దీపపు ముసుగు కింది అంచు దాదాపు కంటి ఎత్తులో ఉండాలి. అంతకంటే పైన ఉంటే బల్బు కనిపిస్తుంది, కింద ఉంటే పుస్తకం మీద వెలుగు పడదు. ఇక స్విచ్: పడుకొని, భుజం పరుపు మీద నుంచి లేపకుండా, చేయి పక్కకు చాపితే వేళ్ళకు అందాలి. ఎలక్ట్రీషియన్ గోడ కొట్టే రోజుకు పరుపు మందం ఎంతో, హెడ్‌బోర్డు వెడల్పు ఎంతో తెలిసి ఉండాలి, ఎందుకంటే 10 అంగుళాల పరుపు వేసిన తర్వాత పాత స్విచ్ కొన్నిసార్లు దిండు వెనుకకు, కొన్నిసార్లు హెడ్‌బోర్డు చాటుకు వెళ్ళిపోతుంది. గుమ్మం దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి ఉండేలా టూ-వే స్విచ్ పెట్టించుకోవడం తప్పనిసరి అని నేను అనుకుంటాను. దంపతులలో ఒకరు చదువుకుంటూ, మరొకరు నిద్రపోయే ఇంట్లో ఇరువైపులా వేర్వేరు దీపాలు, వేర్వేరు స్విచ్‌లు, సన్నటి వెలుగు ఉండాలి. ఫాల్స్ సీలింగ్‌కు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళిస్తే మేలు.

వ్యాఖ్యాత: ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. కార్డు మీద నచ్చిన రంగు గోడ మీద వేరుగా కనిపించడానికి కారణం ఏమిటి?

డిజైనర్: కారణాలు కొన్ని ఉన్నాయి. చిన్న ముక్కలో లేతగా ఉన్న రంగు పెద్ద గోడ మీద ఘాటుగా కనిపిస్తుంది, నాలుగు గోడలూ ఒకదాని రంగును ఒకటి ప్రతిఫలించి దాన్ని ఇంకా చిక్కబరుస్తాయి. రెండో కారణం పక్కన ఉన్న రంగు. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కేంద్రంలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కు, అక్కడి నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. దారం పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయని ఆయన తేల్చి, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపే తీరును 1839లో సవివరంగా ప్రచురించారు. పడకగదిలో దీన్ని రోజూ చూస్తాం: ఎర్రటి ఛాయ గల చెక్క వార్డ్‌రోబ్ పక్కన మామూలు బూడిద రంగు గోడ కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తుంది. పెయింటర్ రంగు తప్పు కలిపాడనుకుంటాం, పాపం అతని తప్పేమీ ఉండదు.

అందుకని రెండడుగుల పలక మీద రెండు కోటింగులు వేసి, ఆరిన తర్వాత వార్డ్‌రోబ్ పక్కన, కిటికీకి ఎదురుగా, మూలలో ఇలా జరుపుతూ చూడమంటాను. అది కూడా మధ్యాహ్నం కాదు. పడకగదిలో మనం మెలకువగా ఉండేది ఎక్కువగా రాత్రి దీపాల కింద, ఉదయం తొలివెలుగులో. ఆ వేళల్లో నచ్చిన రంగే ఆ గదికి సరిపోయే రంగు. రంగు ఎంత కాంతిని తిప్పి పంపుతుందో చెప్పే ఎల్ఆర్‌వీ అనే అంకె చాలా కంపెనీల కార్డుల మీద ఉంటుంది. సున్నా అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. పైకప్పుకు ఎక్కువ అంకె, గోడలకు మధ్యస్థమైన అంకె ఎంచుకుంటే, ముసుగు దీపాల వెలుగు కూడా గదంతా పరుచుకుంటుంది.

వ్యాఖ్యాత: రంగుకు ముందు గోడలను సిద్ధం చేయడం గురించి కూడా చెప్పండి, ఎందుకంటే ఇల్లు కొత్తది అయినా కావచ్చు, ఇంతకుముందు వేరేవారు ఉండి వెళ్ళినది అయినా కావచ్చు.

డిజైనర్: రెండింటికీ వేరువేరు జాగ్రత్తలు ఉన్నాయి. కొత్త సిమెంటు ప్లాస్టరులో నీరు, క్షారం ఉంటాయి. 28 రోజులైనా ఆరనివ్వకుండా రంగు వేస్తే పొరలు లేస్తాయి, తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది. అనుమానం ఉంటే అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అతికించి, మర్నాటి దాకా ఉంచి తీసి చూడండి. లోపలివైపు నీటి చుక్కలు కనిపించినా, గోడ ముదురుగా మారినా ఇంకా ఆగాలి. పాత ఇల్లయితే అడుగు పొరల్లో సీసం ఉన్న రంగు ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకి దుమ్ము లేపకూడదు.

ఇంకొక చిన్న పరీక్ష నాకు చాలా ఇష్టం. పుట్టీ పని ముగిసిన సాయంత్రం, గది చీకటి చేసి, ఒక దీపాన్ని గోడకు ఆనించినట్టు పట్టుకొని పక్కవాటుగా వెలుగు వేయండి. తాపీ కత్తి ఆగిన ప్రతి గీత, ప్రతి ఎగుడుదిగుడు నీడతో సహా బయటపడుతుంది. మంచం పక్కన గోడకు దీపాలు బిగించబోయే ఇంట్లో ఈ పరీక్ష తప్పక చేయాలి, రేపు ఆ దీపం కూడా అలాగే పక్కవాటుగా వెలుగుతుంది కదా. మెరుపు లేని మ్యాట్ రంగు ఇలాంటి లోపాలను కొంత కప్పుతుంది.

వ్యాఖ్యాత: ఫర్నిచర్ అమరికలో ఏ కొలతలు గుర్తుంచుకోవాలి?

డిజైనర్: ఎక్కువ చెప్పనవసరం లేదు. మంచం కొలతను నేల మీద మాస్కింగ్ టేపుతో గీసి, చుట్టూ నడిచి చూడండి. నడిచే దారి కనీసం 24 అంగుళాలు ఉండాలి, 30 ఉంటే హాయి. వార్డ్‌రోబ్ తలుపు తెరిచి దాని ముందు నిలబడడానికి ఇంకొంచెం చోటు కావాలి. చోటు చాలకపోతే జరిపే తలుపులు పెట్టించండి, అంతేగానీ మంచాన్ని కిటికీకి అడ్డంగా నెట్టవద్దు.

వ్యాఖ్యాత: ఖాళీ గదిలో మాట మోగుతుంటుంది. సామాను చేరిన తర్వాత కూడా కొన్ని గదుల్లో ఆ మోత పోదు.

డిజైనర్: టైల్స్ నేల, గాజు, లామినేట్ తలుపులు, నునుపు గోడలు అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అర్థం కాకపోవడంతో, దాన్ని చక్కదిద్దే పని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రివేళల్లో దగ్గరలోని మరో మందిరం నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి పరుస్తూ, ఎన్ని మెత్తలకు మోత ఎంతసేపట్లో అణగుతుందో కొలిచారు. గది ఘనపరిమాణం, శబ్దాన్ని పీల్చుకునే వస్తువుల మొత్తం, ఈ రెండే మోత కాలాన్ని నిర్ణయిస్తాయన్న సూత్రం అందులోంచి వచ్చింది. మన పడకగదిలో ఆ మెత్తల పని పరుపు, తివాచీ, తెరలు చేస్తాయి.

తెరల దగ్గర పిసినారితనం పనికిరాదు. కిటికీ వెడల్పుకు కనీసం రెండింతల గుడ్డ తీసుకుంటేనే మడతలు నిండుగా పడతాయి, శబ్దాన్ని పీల్చేవి ఆ మడతలే. రాడ్డును కిటికీ చట్రం కంటే ఐదారు అంగుళాలు పైన, ఇరువైపులా ఆరేడు అంగుళాలు బయటికి వచ్చేలా బిగించండి. అప్పుడు తెర తెరిస్తే కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, మూస్తే అంచుల నుంచి వెలుగు చొరబడదు. పలుచని తెర ఒకటి, వెలుగును ఆపే అస్తరు ఉన్నది ఒకటి, రెండు రాడ్ల మీద ఉంటే పగటికీ రాత్రికీ సరిపోతుంది. తివాచీ చిన్నదైతే మంచం కాళ్ళ దగ్గర వేయడం కంటే, ఉదయం పాదం దిగే పక్కన వేయడం మేలు.

వ్యాఖ్యాత: పనులన్నీ ముగిశాక ఆ గదిలో ఎప్పటి నుంచి పడుకోవచ్చు?

డిజైనర్: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే తొందరపడేది ఇక్కడే. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వంటి వాటిలో చెక్కను పట్టి ఉంచే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెమ్మదిగా వెలువడుతుంది. వేడి, తేమ పెరిగితే ఎక్కువవుతుంది. దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో, చేర్చారు. గదిలో దీని మోతాదు అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది. తలుపులు బిగించుకొని ఏడెనిమిది గంటలు గాలి పీల్చే గది ఇది, కాబట్టి ఇంట్లో మిగతా గదులకంటే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త అవసరం. బోర్డు కొనేటప్పుడే, ఈ వాయువు తక్కువగా వెలువడే బోర్డులకు ఇచ్చే ‘ఈ1’ (E1) శ్రేణి గానీ, అంతకంటే తక్కువ ఉద్గార శ్రేణి గానీ అని చూసుకోండి. కోసిన ప్రతి అంచుకూ, లోపల కనబడని అంచులకూ, హింజ్ కోసం తొలిచిన చోట్లకూ పట్టీ వేశారో లేదో చేత్తో తడిమి చూడండి, ఎందుకంటే వాయువు ఎక్కువగా వచ్చేది ఆ పచ్చి అంచుల నుంచే. పని ముగిశాక వార్డ్‌రోబ్ తలుపులు, సొరుగులు అన్నీ తెరిచి, కిటికీలు తీసి, ఫ్యాను వేసి రెండు మూడు వారాలు వదిలేయగలిగితే మంచిది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలపాటు పగలు గాలి ఆడనివ్వాలి. పసిపిల్లలో గర్భిణులో ఉన్న ఇంట్లో అంతవరకు వేరే గదిలో పడుకొమ్మని గట్టిగా చెబుతాను. వాసన పోవడానికి సుగంధాలు చల్లవద్దు, అవి వాసనను కప్పుతాయే గానీ గాలిని శుభ్రం చేయవు.

వ్యాఖ్యాత: ఇంత ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలండీ. పడకగది పనులు మొదలుపెట్టబోతున్న శ్రోతలు పెయింటర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పరుపు మందం, హెడ్‌బోర్డు వెడల్పు అతనికి చెప్పి గోడ మీద గుర్తులు పెట్టించుకోవాలని కోరుతున్నాను.